కోఠిలో కొన్న టీచర్ మైకు: తండా బడిలో మూడు నెలలు

కొన్నది నేను, వాడేది మా అక్క, కాబట్టి ఈ రివ్యూలో సగం ఆవిడదే. కోఠి గుజరాతీ గల్లీలో స్పీకర్లు అమ్మే షాపులో తీసుకున్నాను, నడుముకు చిన్న స్పీకరు కట్టుకుని తలకు మైకు తగిలించుకునే రకం. 1,400 చెప్పి 1,150కి ఇచ్చాడు. కంపెనీ పేరంటూ ఏం లేదు, చైనా మాల్.

అక్క అచ్చంపేట వైపు ఒక తండాలో ఎస్‌జీటీ, అంటే ప్రైమరీ బడి టీచర్. ఒకటి నుంచి ఐదు దాకా 34 మంది పిల్లలు, రెండు గదులు. కాగితం మీద టీచర్లు ఇద్దరు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపున్నా ఇద్దరుండాలి కదా, అందుకని పోస్టు ఇక్కడే ఉంది, రెండో సారు జీతమూ ఈ బడి పేరు మీదే, మనిషిని మాత్రం జూన్‌లో సర్దుబాటు అని వేరే బడికి పంపేశారు. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మిగతా మూడింటికి నాలుగేసి, మొత్తం 18, ఒక్క గొంతు. దానికి తోడు హాజరు యాప్, భోజనాల లెక్కలు. దసరాకి వచ్చేసరికి మాట బయటికి రావట్లేదు. డాక్టరు గొంతుకి రెస్టు ఇవ్వమన్నాడు, ఎవర్ని పెట్టి ఇస్తుంది? కరోనాకు ముందు విద్యా వాలంటీర్లన్నా ఉండేవాళ్లు. 2017 తర్వాత మళ్లీ 2024లో డీఎస్సీ పడి 11,062 పోస్టులు అన్నప్పుడు మాకూ ఒకరొస్తారని ఆశపడ్డాం, రాలేదు.

సరే, మైకు. సౌండ్ బాగుంది, రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి మాట్లాడితే రెండు వైపులా వినిపిస్తుంది, అరవక్కర్లేదు, గొంతు నిజంగానే తేరుకుంది. బోర్డు వైపు తిరిగితే కీచుమంటుంది, స్పీకరు నడుముకి కాకుండా కాస్త దూరంగా కుర్చీలో పెడితే ఆ గోల ఉండదు. చార్జింగ్ 12 గంటలని డబ్బా మీద రాశాడు, మధ్యాహ్నం భోజనాల దాకా వస్తే గొప్ప.

అనుకోకుండా కలిసొచ్చింది పెన్‌డ్రైవ్. తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, ఒకటో తరగతికి వచ్చాకే చాలామందికి తెలుగు మొదలు, వాళ్ల పక్కన ఒకరు కూర్చుని ఓపిగ్గా చెప్పాలి. ఆ ఒకరే లేరు. అక్క ఏం చేసిందంటే, ఐదో తరగతి అమ్మాయిని కూర్చోబెట్టి ఒక్కో మాటా ఆ పిల్ల లంబాడీలో, తను తెలుగులో చెబుతూ ఫోన్లో రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. అటు గదిలో ఐదో తరగతికి భిన్నాలు చెప్తుంటే ఇటు చిన్నపిల్లలు స్పీకరు చుట్టూ కూర్చుని దాంతోపాటు పలుకుతారు. పది రోజులు బ్రహ్మాండంగా నడిచింది. పదకొండో రోజు ఒకడు ఎఫ్ఎం బటన్ కనిపెట్టాడు, ఇక గరగర తప్ప పాఠం లేదు. అయినా 'ళ' అనమంటే 'ల' అన్నవాడిని ఆ డబ్బా ఆపి మళ్లీ అనిపించదు కదా. పైగా అది ఇక్కడ మోగుతున్నంతసేపు అక్కకి అక్కడ మైకు లేదు, మళ్లీ అరుపులే.

రెండో నెలలో మైకు వైరు పిన్ను దగ్గర తెగింది. షాపుకి తీసుకెళ్తే "వైర్‌కి గ్యారంటీ నై భాయ్" అని 150 తీసుకుని కొత్తది ఇచ్చాడు, కాబట్టి కొనేవాళ్లు బేరంలోనే ఇంకో వైరు అడిగి తీసుకోండి. టీచర్ కోసమని చెప్పాను కదా, పోతుంటే ఆపి రెండు మైకులున్న వైర్‌లెస్ సెట్టు చూపించాడు, ఇద్దరు టీచర్లు ఒకేసారి వాడుకోవచ్చట. వైరు మాత్రం చాలన్నాను.