పీడీఎఫ్‌లో లింకులు స్క్రీన్ రీడర్‌కి వినబడేలా చేయడం: మూడేళ్ళు వాడాక నా రివ్యూ

మూడేళ్ళుగా నా పనిలో సగం ఇదే. వర్డ్‌లో రిపోర్టు తయారుచేస్తా, డబ్బు కట్టి వాడే ఒక పీడీఎఫ్ ఎడిటర్‌లో సరిదిద్దుతా, చూపులేనివాళ్ళు కూడా వాడగలిగేలా ఉందో లేదో చూసే ప్యాక్ అనే ఫ్రీ చెకర్‌లో వేసి చూస్తా, చివర్లో ఎన్‌వీడీఏ (తెర మీది రాతని చదివి వినిపించే ఫ్రీ స్క్రీన్ రీడర్) ఆన్ చేసి వింటా.

మొదట్లో నాకు తెలిసిన టెస్టు ఒక్కటే, మౌస్‌తో నొక్కితే పేజీ తెరుచుకుందా లేదా. తెరుచుకుంటే పనైపోయిందనుకునేదాన్ని. ఓరోజు మా ఆఫీసులో చూపులేని ఒకాయన ఫోన్ చేసి, "ఏమండీ, లింకులు ఇచ్చామన్నారు, ఒక్కటీ దొరకట్లేదు" అన్నారు. అందులో 40 దాకా ఉన్నాయి, అన్నీ నేనే నొక్కి చూశా!

తర్వాత అర్థమైంది ఏంటంటే పీడీఎఫ్‌లో లింకు అంటే రెండు విడి ముక్కలు, పేజీ మీద పరిచిన కనబడని పెట్టె ఒకటి, దాని కింద ఉన్న అక్షరాలు ఇంకొకటి. మౌస్‌కి పెట్టె చాలు. స్క్రీన్ రీడర్ పోయేది ట్యాగుల చెట్టు వెంబడి (ఏది శీర్షిక, ఏది పేరా, ఏది లింకు అని ఫైలు లోపల చెప్పే కనబడని గుర్తుల వరస), అక్కడ లింక్ ట్యాగు లోపల అక్షరాలతో పాటు ఆ పెట్టెని చూపించే ఓబీజేఆర్ అనే గుర్తు కూడా ఉండాలి, అది లేకపోతే అక్షరాలు మామూలు వాక్యంలా చదివేసి ముందుకెళ్ళిపోతుంది. నేనేమో ఎడిటర్లో లింక్ టూల్‌తో డబ్బాలు గీసుకుంటూ పోయా, డబ్బా గీస్తే ట్యాగు దానంతటదే రాదని ఎవరు చెప్పారు నాకు.

అందుకే ఇప్పుడు లింకులన్నీ వర్డ్‌లోనే పెట్టేస్తా, సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో యాక్సెసిబిలిటీ ట్యాగుల టిక్కు ఉందో లేదో చూసుకుంటా. ప్రింట్ టు పీడీఎఫ్ జోలికి మాత్రం పోవద్దు, ట్యాగులూ పోతాయి లింకులూ పోతాయి, మిగిలేది కాగితం బొమ్మే. లిబ్రేఆఫీస్ వాడేవాళ్ళకి ఎక్స్‌పోర్ట్‌లో ట్యాగ్డ్ పీడీఎఫ్ ఆప్షన్ ఉంది.

ఎడిటర్‌లో నాకు బాగా పనికొచ్చింది ట్యాగు లేని లింకుల్ని వెతికిపెట్టే ఫైండ్. పాత ఫైలు ఏదైనా చేతికొస్తే ముందు అదే నడుపుతా. పేజీ ప్రాపర్టీస్‌లో ట్యాబ్ ఆర్డర్‌ని డాక్యుమెంట్ స్ట్రక్చర్ ప్రకారం అని మార్చడం కూడా మర్చిపోకండి, లేకపోతే ట్యాబ్ నొక్కితే ఫోకస్ ఎక్కడెక్కడికో దూకుతుంది.

ప్యాక్ గురించి. పీడీఎఫ్‌లు అందరికీ అందుబాటుగా ఉండాలని పీడీఎఫ్/యూఏ అనే ఐఎస్ఓ ప్రమాణం 2012లో వచ్చింది, దాని ప్రకారం ప్రతి లింకు పెట్టెకీ కంటెంట్స్ అనే చోట వివరణ ఉండాలి, లేకపోతే ప్యాక్ ఎర్ర గుర్తు పెడుతుంది. చెకర్‌గా మంచిదే, కాకపోతే దానికి చెవుల్లేవు. ఏదో ఒక వివరణ ఉంటే చాలు దానికి, ఆ వివరణ చెత్తగా ఉన్నా ఊరుకుంటుంది. ఒక ఫైల్లో ఎర్ర గుర్తులన్నీ పోగొట్టి సంతోషంగా ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్ ఎఫ్7 నొక్కా, లింకుల లిస్టు తెరుచుకుంది, చూస్తే "ఇక్కడ క్లిక్ చేయండి" తొమ్మిదిసార్లు, ఏది ఎక్కడికి పోతుందో రాసిన నాకే తెలీలేదు, ఇక ఆ లిస్టు మీదే ఆధారపడేవాళ్ళ సంగతి చెప్పాలా. పోనీ అని పూర్తి యూఆర్ఎల్ పెడితే స్లాష్ స్లాష్ అంటూ అక్షరం అక్షరం చదువుతుంటే తలనొప్పి. "సెలవు దరఖాస్తు ఫారం, పీడీఎఫ్" అని రాస్తే గొడవే లేదు, ఫైలు డౌన్‌లోడ్ అవుతుందని కూడా ముందే తెలుస్తుంది.

చెకర్ ఒక్కటే చాలనుకునేవాళ్ళు కనీసం ఐదు నిమిషాలు ఎన్‌వీడీఏ పెట్టుకుని, స్క్రీన్ ఆపేసి, కె నొక్కుకుంటూ లింకు నుంచి లింకుకి వెళ్ళి చూడండి. ఫ్రీయే కదా.

ఇంతకాలమైనా నాకు విసుగు తగ్గనిది రెండు లైన్లకి విరిగిన లింకు. ఒకే లింకుకి రెండు పెట్టెలు తయారవుతాయి, ట్యాబ్ నొక్కితే రెండుసార్లు ఆగుతుంది, వినేవాళ్ళకి అవి రెండు వేర్వేరు లింకులే. రెండు ఓబీజేఆర్‌లనీ ఒకే లింక్ ట్యాగు కిందకి లాగి పెట్టాలి, చేత్తోనే, ఒక్కొక్కటిగా. నిన్న కూడా పదకొండు కలిపా.