మస్కాక్స్ వేటకి డబ్బు కట్టబోతున్నారా? ముందు ఆ ఊరికి ఫోన్ చేసి ట్యాగ్ (ఒక జంతువుని వేటాడే అనుమతి) ఉందో లేదో కనుక్కోండి

నిన్న అర్ధరాత్రి దాటాక కెనడా ఉత్తరాన ఉన్న ఎల్లోనైఫ్ నుంచి ఎడ్మంటన్‌లో ఇంటికి చేరాను. బ్యాగులు ఇంకా విప్పలేదు. నిద్ర పట్టలేదు, కోపం తగ్గలేదు. తగ్గాక రాద్దామనుకుంటే సగం మర్చిపోతాను, లేదా పోనీలే అనుకుని అసలు రాయను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మమ్మల్ని మోసం చేసిన ఏజెంట్ ఎవరో మీలో చాలామందికి తెలుసు. టెక్సస్‌లో ఉంటాడు, తెలుగువాళ్లకి అలాస్కా, నునావుట్ (కెనడా ఉత్తరపు కొస) వేట ట్రిప్పులు కుదురుస్తానంటాడు. మంచులో మోకాళ్ల మీద కూర్చుని మస్కాక్స్ (ఆర్కిటిక్ మంచులో తిరిగే, ఎద్దు లాంటి జంతువు) కొమ్ములు పట్టుకున్న ఫొటోలు వారానికొకటి పెడుతుంటాడు. పేరు రాయొద్దని లాయర్ గట్టిగా చెప్పాడు కాబట్టి రాయడం లేదు. ఆ ఫొటోలు చూసినవాళ్లకి ఈపాటికే అర్థమై ఉంటుంది.

నాది ఖమ్మం. మా తాత చెప్పిన వేట కథలు వింటూ పెరిగాను. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట మాటే లేదు, అది మంచికే. కెనడా వచ్చాక కోర్సు చేసి, తుపాకీ లైసెన్సు తీసుకుని, ఏటా నవంబర్‌లో జింక వేటకి వెళ్తున్నాను. మస్కాక్స్ మీద మాత్రం పదేళ్లుగా మనసుంది. మూడు నాలుగు వందల కిలోల జంతువు, కాళ్ల దాకా జీరాడే వెంట్రుకలు. తోడేళ్లు వస్తే పారిపోవు, దూడల్ని మధ్యలో పెట్టుకుని చుట్టూ గోడ కట్టినట్టు నిలబడతాయి. అక్కడి మూలవాసులు ఇన్యూట్లు దాన్ని ఉమింగ్‌మాక్ అంటారు, గడ్డం ఉన్నది అని అర్థం. జీవితంలో ఒక్కసారి ఆ మంచులో దాని ఎదురుగా నిలబడాలని డబ్బు దాచుకున్నాను.

పోయిన జూన్‌లో ఏజెంట్‌కి ఫోన్ చేశాను. మొదటి నిమిషంలోనే "అన్నా, మీది ఖమ్మమా? మాది కొత్తగూడెం పక్కనే" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను సగం నమ్మేశాను. నునావుట్‌లో, విక్టోరియా దీవి మీదున్న కేంబ్రిడ్జ్ బే అనే ఊరి నుంచి ఏప్రిల్‌లో వారం రోజుల వేట, ఒక్కొక్కరికి 9,800 అమెరికన్ డాలర్లు. గైడ్, స్నోమొబైల్, క్యాబిన్, భోజనం, ట్యాగ్ అన్నీ అందులోనే. నేనూ మా బావమరిదీ ఇద్దరం. ట్యాగుల సంగతేమిటని అడిగితే "కన్ఫర్మ్ అన్నా, రెండూ మీ ఇద్దరి పేర్ల మీద పక్కన పెట్టించా" అన్నాడు. ఆ మాట వాట్సాప్‌లో తారీఖుతో సహా ఉంది.

ఈ ట్యాగ్ సంగతి తెలియనివాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. నునావుట్‌లో బయటివాడు తనంతట తాను వెళ్లి పెద్ద జంతువుని వేటాడటానికి లేదు. లైసెన్సున్న గైడ్ ఉండాలి, ట్యాగ్ ఉండాలి. ఆ ట్యాగ్ ఏజెంట్ జేబులో ఉండదు. ప్రతి ఊళ్లో వేటగాళ్ల సంఘం ఒకటి ఉంటుంది, హంటర్స్ అండ్ ట్రాపర్స్ ఆర్గనైజేషన్ అని, అందరూ హెచ్‌టీఓ అంటారు. ఊరివాళ్లకి ఎన్ని, బయటివాళ్లకి ఎన్ని అని తేల్చేది వాళ్లే. విక్టోరియా దీవిలో మస్కాక్సులు రోగాలొచ్చి బాగా తగ్గిపోయాయి. ఆ ప్రాంతంలో కారిబూల (మందలుగా తిరిగే ఉత్తరాది జింకల) సంగతి ఇంకా ఘోరం. బాథర్స్ట్ అనే కారిబూ మంద 1986లో 4 లక్షల 70 వేల దాకా ఉండేది, 2018 లెక్కకి 8 వేల చిల్లరకి వచ్చింది. బయటివాడికి ఇచ్చే ప్రతి ట్యాగూ ఆ ఊళ్లో ఒక ఇంటి కూరలోంచి తీసి ఇచ్చినట్టే. ఇదంతా నాకు ముందే తెలుసు, చదివాను. చదివి కూడా ఆ సంఘానికి ఒక్క ఫోన్ చేయలేదు.

అసలు సెప్టెంబర్‌లోనే నా కళ్లు తెరుచుకోవాల్సింది. మా బావమరిది మినియాపోలిస్‌లో ఉంటాడు, అమెరికా పౌరుడు. వాడికి ధ్రువపు ఎలుగుబంటి వేట అమ్మాలని చూశాడు ఈ ఏజెంట్. కెనడాలో బయటివాళ్లకి అది చట్టబద్ధమే, ఇన్యూట్ గైడ్‌తో కుక్కల బండి మీద వెళ్లి చేస్తారు. కానీ 2008 మేలో అమెరికా ఆ జంతువుని అంతరించే ప్రమాదం ఉన్నవాటి చట్టం కిందికి తెచ్చింది. అప్పట్నుంచి వేటాడిన ఎలుగు తోలు అమెరికాలోకి రానివ్వరు. ఏజెంటేమో "రూల్ మారబోతోంది తమ్ముడూ, అప్పటిదాకా తోలు కెనడాలో ఫ్రీజర్‌లో పెట్టి ఉంచుతాం" అన్నాడు. ఫోన్ పెట్టేశాక "బావా, వీడు అబద్ధం ఆడుతున్నాడు" అన్నాడు మావాడు. "వ్యాపారం అన్నాక నాలుగు మాటలు చెప్తార్లేరా" అని సర్దిచెప్పింది నేనే. ఈ మాట రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

డబ్బు సంగతి. మొత్తం 19,600లో సగం బుకింగ్‌ప్పుడు క్రెడిట్ కార్డు మీద కట్టాను. మిగతా సగం ఫిబ్రవరిలో కట్టాలి. అప్పుడు "కార్డు వద్దన్నా, బ్యాంకు నుంచి వైర్ చేస్తే 3 శాతం తగ్గిస్తా" అన్నాడు. సరేనని చేసేశాను. లెక్క చూసుకుంటే తగ్గింది 294 డాలర్లు. ఆ 294 కోసం, వెనక్కి అడగడానికి దారి లేని పద్ధతిలో మిగతాదంతా పంపించాను.

ఇక ప్రయాణం. బావమరిది తన రైఫిల్ తెచ్చుకున్నాడు. బోర్డర్‌లో అధికారి ముందు ఫారం మీద సంతకం పెట్టి, 25 డాలర్లు కట్టి, 60 రోజుల అనుమతి తీసుకున్నాడు. వెళ్లే ముందు రెండు రాత్రులు మా గరాజ్‌లో కూర్చుని రెండు రైఫిళ్ల బోల్టులూ విప్పి, లోపలున్న నూనె మొత్తం తుడిచేశాం. మైనస్ ముప్పైలో నూనె చిక్కబడిపోతే ఫైరింగ్ పిన్ కదలదు. నా కూతురు పక్కన స్టూల్ మీద కూర్చుని తుడవడానికి దూదిపుల్లలు అందించింది. "నాన్నా, దాని వెంట్రుకలు కొంచెం తెస్తావా?" అని అడిగింది. తెస్తానన్నాను.

గురువారం మధ్యాహ్నం ఎల్లోనైఫ్‌లో దిగాం. శుక్రవారం పొద్దున కేంబ్రిడ్జ్ బే విమానం. గురువారం రాత్రి 9 గంటలకి మెసేజ్ వచ్చింది. "అన్నా, వెదర్ హోల్డ్. నేను కేంబ్రిడ్జ్ బేలోనే ఉన్నా, ఇక్కడ మంచు తుఫాను. రేపు ఎయిర్‌పోర్టుకి వెళ్లకండి, నేను చెప్పేదాకా హోటల్లోనే ఉండండి." ఆర్కిటిక్‌లో వాతావరణం అంటే ఎవరు మాత్రం ఎదురు చెప్తారు? పడుకున్నాం.

పొద్దున 11కి ఎందుకో అనుమానం వచ్చి ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేశాను. విమానం టైముకే వెళ్లిపోయిందన్నారు. కేంబ్రిడ్జ్ బేలో వాతావరణం బాగానే ఉందన్నారు. ఏజెంట్‌కి చేశాను, తీయలేదు. మళ్లీ చేశాను. పద్నాలుగు సార్లు చేశాను. అప్పుడు బావమరిది నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఆ ఊరి హెచ్‌టీఓ నంబర్ వెతికి, డయల్ చేసి నాకిచ్చాడు. నంబర్ దొరకడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

ఫోన్ తీసినావిడ చాలా నెమ్మదిగా మాట్లాడింది. పేర్లు అడిగింది, స్పెల్లింగ్ అడిగింది, కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "మీ పేర్లు మా దగ్గర లేవు. ఆ ఏజెంట్‌కి ఈ ఏడాది మేం ఒక్క ట్యాగూ ఇవ్వలేదు" అంది. కాంట్రాక్టులో రాసిన గైడ్ పేరు చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత చెప్పింది, ఆ పెద్దాయన పోయినేడు ఈ ఏజెంట్ పంపిన ఇద్దరిని తిప్పాడట, ఆ డబ్బు ఇంకా ఆయన చేతికి రాలేదట, అందుకే ఇక వాళ్లకి పని చేయనని చెప్పేశాడట. చివర్లో "మీరు ఇప్పటికే ఎల్లోనైఫ్ దాకా వచ్చేశారా? అయ్యో" అంది. ఈ మొత్తం వ్యవహారంలో మమ్మల్ని మనుషుల్లా చూసింది ఆవిడొక్కతే.

హెచ్‌టీఓతో మాట్లాడానని ఏజెంట్‌కి మెసేజ్ పెట్టాను. పద్నాలుగు సార్లు తీయనివాడు రెండు నిమిషాల్లో తనే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను.

"సర్, మీరు హెచ్‌టీఓకి ఫోన్ చేశారా?"

పది నెలలు అన్నా అన్నా అన్నవాడు ఒక్కసారిగా సర్ అన్నాడు. అక్కడే నా గుండె జారిపోయింది. డబ్బు పోయిందని నాకు తెలిసింది ఆ పిలుపులోనే.

"క్లయింట్లు అలా డైరెక్టుగా చేయకూడదు సర్. నాకక్కడ రిలేషన్స్ పాడవుతాయి."

ట్యాగులు ఏవని అడిగాను. "నాలుగో పేజీ చదవండి సర్, ట్యాగ్స్ సబ్జెక్ట్ టు అవైలబిలిటీ అని ఉంటుంది." కన్ఫర్మ్ అని నువ్వే రాశావు కదా అన్నాను. "వాట్సాప్ కాంట్రాక్ట్ కాదు సర్." తుఫాను ఏదని అడిగాను. సరిగ్గా అప్పుడు వాడి వెనకాల కుక్కర్ విజిల్ వేసింది. ఒకటి కాదు, రెండు. ఎవరో ఆడమనిషి "స్టవ్ కట్టెయ్" అని పిల్లల్ని కేకేసింది. వాడు కేంబ్రిడ్జ్ బేలో లేడు. వాడింట్లో పప్పు ఉడుకుతోంది. మేం మైనస్ ఇరవైలో హోటల్ గదిలో, సర్దుకున్న బ్యాగుల మధ్య కూర్చుని వాడి తుఫాను తగ్గడం కోసం ఎదురుచూస్తున్నాం.

డబ్బు వెనక్కి ఇవ్వమన్నాను. వచ్చే ఏడాదికి మారుస్తానన్నాడు, ఒక్కొక్కరం ఇంకో 1,500 కడితే. కట్టనన్నాను. అప్పుడన్నాడు ఈ మాట: "19 వేలకే ఇంత గొడవ చేసేవాళ్లు ఆర్కిటిక్ రాకూడదు సర్. బాంఫ్ వెళ్లి ఫొటోలు దిగాలి." ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత మా ఇద్దరి నంబర్లూ బ్లాక్ చేశాడు.

ఆ 19 వేలు మాకేమీ ఊరికే రాలేదు. నేను రెండేళ్లు ఓవర్‌టైం చేశాను. బావమరిది ఇంటికి కొత్త పైకప్పు వేయించుకోవాల్సింది ఆపుకుని వచ్చాడు, అదీ నేను బలవంతపెడితే. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి మంచం అంచున కూర్చుని, విప్పి మడతపెట్టిన లోపలి బట్టలన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా బ్యాగులో పెట్టుకున్నాడు. "పోనీలే బావా, రైఫిళ్లైనా శుభ్రమయ్యాయి" అన్నాడు. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇవాళ పొద్దున బ్యాంకుకి వెళ్లాను. కార్డు మీద కట్టిన సగానికి ఫిర్యాదు తీసుకున్నారు. వైర్ చేసిన సగం గురించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నారు. పోలీసు రిపోర్టు ఇచ్చాను. వాట్సాప్ మెసేజులు, ఎయిర్‌లైన్ నుంచి తెప్పించుకున్న కాగితం, హెచ్‌టీఓ ఆవిడ పంపిన ఈమెయిల్, అన్నీ లాయర్‌కి ఇచ్చాను.

మీరు వెళ్లాలనుకుంటే వెళ్లండి. ఆ ఊళ్లలో నిజాయితీగా పనిచేసే గైడ్లు ఉన్నారు, మనం కట్టే డబ్బు వాళ్ల ఇళ్లకి చేరాలి. కానీ ఒక్క డాలర్ ఇచ్చే ముందు ఆ ఊరి హెచ్‌టీఓకి మీరే ఫోన్ చేసి, ఈ ఏజెంట్ పేరు మీద ట్యాగులున్నాయా అని అడగండి. గైడ్‌తో ఒకసారి మాట్లాడించమనండి, మాట్లాడించనంటే అక్కడితో ఆపేయండి. ట్యాగ్ రాకపోతే మొత్తం డబ్బు వాపసు అని కాంట్రాక్టులోనే రాయించుకోండి. ఎంత తగ్గిస్తానన్నా వైర్ చేయొద్దు, చివరి డాలర్ దాకా కార్డు మీదే కట్టండి. అమెరికాలో ఉన్నవాళ్లు ఎలుగుబంటి తోలు సంగతి ఎవరెన్ని చెప్పినా వినొద్దు.

ఇదే ఏజెంట్ ఆగస్టు, సెప్టెంబర్ కారిబూ ట్రిప్పులకి కూడా ఇప్పుడు అడ్వాన్సులు తీసుకుంటున్నాడని నిన్న తెలిసింది. కట్టినవాళ్లెవరైనా ఉంటే ఈ రోజే మీ బ్యాంకుకి ఫోన్ చేయండి, నాకూ మెసేజ్ పెట్టండి. ఇద్దరం ఇస్తే ఒక ఫిర్యాదు, పదిమందిమి ఇస్తే కేసు అవుతుందని లాయర్ అంటున్నాడు. రాత్రి ఎంత లేటైనా ఫర్వాలేదు, ఫోన్ తీస్తాను.