వియన్నాలో క్రిస్మస్ నడక: రింగ్‌స్ట్రాసెనా, లోపలి వీధులా?

క్రిస్మస్ రోజుల్లో వియన్నాను కాలినడకన చూడదలచినవారికి రెండు దారులున్నాయి: పాత నగరాన్ని చుట్టి ఉన్న రింగ్‌స్ట్రాసె ఒకటి, ఆ వలయం లోపలి వీధులు రెండవది.

1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ కోటగోడలను కూల్చివేయమని ఆదేశించగా, వాటి స్థానంలో వెలసి 1865లో ప్రారంభమైన రింగ్‌స్ట్రాసె పొడవు సుమారు 5.3 కిలోమీటర్లు. ఒపేరా భవనం, జంట మ్యూజియంలు, పార్లమెంటు, నగర మందిరం వరుసగా కనిపించే ఈ దారి పగటి వెలుగుకే తగినది. డిసెంబరులో సాయంత్రం నాలుగు గంటలకే పొద్దు గుంకుతుంది కనుక ఉదయమే బయలుదేరాలి. విశాలమైన దారి కావడంతో చలిగాలి నేరుగా తగులుతుంది, అయితే అలసిన పెద్దవారికి పక్కనే ట్రాములు ఉండటం గొప్ప ఊరట.

లోపలి వీధులు చీకటి పడ్డాకే పూర్తిగా శోభిస్తాయి. 136 మీటర్ల గోపురంతో నిలిచిన సెయింట్ స్టీఫెన్ కెథడ్రల్ నుండి బయలుదేరి, గ్రాబెన్ వీధిలో భారీ షాండ్లియర్ల ఆకృతిలో వేలాడే దీపాల కింద, 1679 నాటి ప్లేగును గుర్తుచేసే స్తంభాన్ని దాటి, కోల్‌మార్క్ట్ మీదుగా హోఫ్‌బర్గ్ రాజప్రాసాద ద్వారం చేరుకునే ఆ కొద్దిపాటి దూరాన్ని ఎంత నెమ్మదిగా నడిస్తే అంత మంచిది. ఫ్రైయుంగ్ కూడలిలోని క్రిస్మస్ సంత నగర మందిరం ముందరి సంతకంటే చాలా చిన్నది. నా మనసు మాత్రం దానివైపే మొగ్గుతుంది.

ఒక్క సాయంత్రమే చేతిలో ఉన్నవారు లోపలి వీధులనే ఎంచుకోవాలి. డిసెంబరు 24న మాత్రం దుకాణాలు త్వరగా మూసివేస్తారు కనుక, ఆ రోజు రింగ్‌స్ట్రాసె నడకే మేలు.