రద్దీ కాఫీ షాపుకు ఏ ఎస్ప్రెస్సో మెషీన్ మేలు: హీట్ ఎక్స్‌ఛేంజరా, డ్యుయల్ బాయిలరా?

కాఫీ షాపు పెట్టబోయేవాళ్లు ముందుగా అడిగేది "ఏ కంపెనీది కొనమంటారు?" అని. కంపెనీ తర్వాతి సంగతి. రద్దీ టైములో గంటకు ఎన్ని కప్పులు పోయాలి, వాటిలో పాలు పడేవెన్ని, మీ షాపుకు వచ్చే నీళ్లు ఎలాంటివి? ఈ మూడూ తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. నాకు హైదరాబాద్‌లో రెండు షాపులున్నాయి. కూకట్‌పల్లి షాపులో హీట్ ఎక్స్‌ఛేంజర్ మెషీన్, రెండోదాంట్లో డ్యుయల్ బాయిలర్ వాడుతున్నాం. రెండూ రెండు గ్రూపులవే. అంటే ఒకేసారి రెండు పోర్టాఫిల్టర్లు (కాఫీ పొడి నింపి మెషీన్‌కు బిగించే పిడి ఉన్న గిన్నెలు) బిగించి షాట్లు, అంటే ఒక్కో విడత ఎస్ప్రెస్సో, తీయొచ్చు.

అసలు ఇబ్బంది వేడితో వస్తుంది. ఎస్ప్రెస్సో తీయడానికి నీళ్లు 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలి. పాలు నురగ కట్టించే ఆవిరి కావాలంటే బాయిలర్‌లో 120 డిగ్రీలకు పైనే ఉండాలి. ఒకే మెషీన్ ఈ రెండు వేడులూ ఎలా ఇవ్వాలి? 1961లో ఇటలీలో ఫేమా కంపెనీ తెచ్చిన ఇ61 మెషీన్లో దీనికి ఒక దారి కనిపిస్తుంది. పెద్ద ఆవిరి బాయిలర్ లోపలి నుంచి ఒక గొట్టం పోతుంది. కాఫీకి కావలసిన చన్నీళ్లు పంపు తోస్తే ఆ గొట్టంలోంచి వెళ్తూ దారిలోనే వేడెక్కుతాయి. కుక్కర్లో నీళ్లు పోసి పప్పు గిన్నె లోపల పెడతాం కదా, చుట్టూ ఉన్న వేడే గిన్నెలోదాన్ని ఉడికిస్తుంది. ఇదీ అలాంటిదే. దీన్నే హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటారు. 1970లో ఫ్లోరెన్స్‌కు చెందిన లా మార్జోక్కో తన జీఎస్ మెషీన్లో కాఫీకి ఒక బాయిలర్, ఆవిరికి వేరే బాయిలర్ పెట్టింది. ఇప్పుడు డ్యుయల్ బాయిలర్ అని అమ్ముతున్నవన్నీ ఆ పద్ధతివే.

కాగితం మీద డ్యుయల్ బాయిలర్‌దే పైచేయి. కాఫీ నీళ్ల వేడిని ఒక్కో డిగ్రీ చొప్పున పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో ఆ వీలు లేదు. పైగా పది నిమిషాలు ఎవరూ రాకపోతే గొట్టంలో నిలిచిన నీళ్లు మితిమీరి కాగుతాయి. ఆ నీళ్లతో తీసిన షాట్ మాడిన చేదు కొడుతుంది. అందుకే ముందు కొన్ని క్షణాలు నీళ్లు వదిలేసి అప్పుడు పోర్టాఫిల్టర్ బిగించాలి. ఇది షాపులో పనిచేసే కుర్రాళ్లకు నేర్పడానికి నాకు రెండు వారాలు పట్టింది.

కానీ ఒక సంగతి చాలామంది గమనించరు. రద్దీలో ఈ లోపం దాదాపు కనిపించదు. షాట్ వెనక షాట్ పడుతుంటే గొట్టంలో నీళ్లు నిలవవు, కాబట్టి మితిమీరి కాగవు. ఇటలీ బార్లలో పొద్దున్నే జనం నిలబడి తాగి వెళ్లే చోట ఈ పద్ధతి ఇన్నేళ్లు నిలిచిందంటే కారణం ఇదే. ఖాళీగా ఉండే షాపులోనే హీట్ ఎక్స్‌ఛేంజర్‌తో టెన్షన్.

రెండోది, మన దగ్గర అమ్ముడయ్యేది పాల కాఫీ. కూకట్‌పల్లిలో పొద్దున 8 నుంచి 10 దాకా కాపుచినోలు, లాటేలే పోతాయి. బాగా వేగిన గింజలు, చిక్కటి పాలు, పైన చక్కెర. ఇందులో ఒకటి రెండు డిగ్రీల తేడా ఎవరి నాలుకకూ తెలియదు. తెలిసేది పాల నురగ. పెద్ద బాయిలర్ ఉన్న మెషీన్ వరసగా ఎన్ని జగ్గుల పాలు కాచినా ఆవిరి నీరసించకుండా ఇస్తుంది. రద్దీ షాపుకు ముందు చూడాల్సింది అదే.

రెండో షాపు సంగతి వేరు. అక్కడ అరకు అరబికాను తక్కువగా వేయించి, పాలు లేకుండా ఇస్తాం. 2019లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు పంట అని తెలిపే భౌగోళిక గుర్తింపు) వచ్చాక ఆ గింజ పేరు అడిగి మరీ తాగేవాళ్లు పెరిగారు. తక్కువ వేగిన గింజకు నీటి వేడి కాస్త తగ్గినా పులుపు పైకి తేలుతుంది. 94 దగ్గర తీసిన షాట్, 91 దగ్గర తీసిన షాట్ పక్కపక్కన పెట్టి తాగితే తేడా ఎవరికైనా తెలుస్తుంది. మన కొండల్లో గిరిజన రైతులు అంత శ్రద్ధగా పండించిన గింజను వేడి సరిగా లేక పాడుచేయడం నాకు మనసొప్పదు. అక్కడ డ్యుయల్ బాయిలర్ కొన్నందుకు పైసా కూడా వృథా అనిపించలేదు.

నీళ్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. మెషీన్ అమ్మినతను ఫిల్టర్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మొదటి వేసవిలో బోరు ఎండి ట్యాంకర్ నీళ్లు తెప్పించాం. నెల తిరిగేసరికి ఒక గ్రూపు నుంచి నీళ్లు సన్నటి దారంలా రావడం మొదలైంది. మెకానిక్ విప్పి చూపించాడు. నీళ్లు దిగే రంధ్రం సూది మొనంత ఉంటుంది, అది సున్నంతో పూడుకుపోయింది. మూడు రోజులు ఒక్క గ్రూపుతోనే షాపు నడిపాం. అప్పటినుంచి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 100, 150 మధ్య ఉండేలా చూస్తున్నాను. సున్నం ఎంతుందో చుక్కల మందుతో వేరుగా పరీక్షిస్తాం. అలాగని ఉత్త ఆర్వో నీళ్లు పోయకండి. లవణాలు లేకపోతే కాఫీ చప్పగా ఉంటుంది, బాయిలర్‌లో మట్టం చూసే సెన్సార్‌కు నీళ్లున్నట్టు తెలియకపోవచ్చు కూడా. ఉప్పు నీళ్లు ఏ మెషీన్‌కైనా చేటే, కానీ డ్యుయల్ బాయిలర్‌లో పాడయ్యే భాగాలు ఎక్కువ.

కరెంటు సంగతి. రెండు గ్రూపుల మెషీన్ సుమారు 3 నుంచి 5 కిలోవాట్లు లాగుతుంది. 4 కిలోవాట్లంటే 17 ఆంపియర్లు దాటుతుంది, ఏసీకి పెట్టే 16 ఆంపియర్ల సాకెట్ తట్టుకోదు. మీటర్ నుంచి వేరే లైను లాగించండి. కొన్ని పెద్ద మెషీన్లకు త్రీ ఫేజ్ కావాలి, అడ్వాన్స్ ఇచ్చేముందే కనుక్కోండి.

బటన్ నొక్కితే అన్నీ చేసే పూర్తి ఆటోమేటిక్ మెషీన్ సంగతి కూడా అడుగుతుంటారు. ఆఫీసుకో, ఆసుపత్రి క్యాంటీన్‌కో మంచిదే. రద్దీ షాపుకు వద్దంటాను. గ్రైండర్ కూడా లోపలే ఉంటుంది, అది మొరాయిస్తే మొత్తం అమ్మకం ఆగిపోతుంది. పాల గొట్టాలు రోజూ కడగకపోతే వాసన పట్టేస్తాయి.

ఇక నా లెక్క ఇది. గంటకు 40 నుంచి 60 కప్పులు, ఎక్కువ పాలవే, పనివాళ్లు ఏడాదికోసారి మారిపోతుంటారు అనుకుంటే రెండు గ్రూపుల హీట్ ఎక్స్‌ఛేంజర్ తీసుకోండి. నీళ్లు కొలిచి తనంతట తాను ఆగే వాల్యుమెట్రిక్ బటన్లున్నదే చూడండి, కొత్తగా చేరిన పిల్లాడు తీసినా షాట్ పరిమాణం ఒకేలా వస్తుంది. డ్యుయల్ బాయిలర్ కొనకపోవడంతో మిగిలిన డబ్బు గ్రైండర్ మీద, నీటి ఫిల్టర్ మీద పెట్టండి. పాత గ్రైండర్‌తో ఎంత ఖరీదైన మెషీనూ మంచి కాఫీ ఇవ్వదు. బ్లాక్ కాఫీ మీదే పేరు తెచ్చుకోవాలనుకుంటే, లేదా మధ్యాహ్నాలు ఖాళీగా గడిచే షాపైతే, డ్యుయల్ బాయిలర్‌కు ఖర్చు పెట్టండి. మీది వరంగల్, రాజమండ్రి లాంటి ఊరైతే గ్యాస్కెట్లు, వాల్వులు ఎక్కడ దొరుకుతాయో, మెకానిక్ ఎన్ని రోజులకు వస్తాడో రాతపూర్వకంగా తీసుకోండి.

కొనే ముందు డీలర్ దగ్గరికి మీ గింజలు, మీ పాలు పట్టుకెళ్లండి. ఆగకుండా వరసగా పది కాపుచినోలు చేయించండి. పదో జగ్గు పాలు కాగడానికి మొదటి జగ్గు కంటే బాగా ఎక్కువ టైం పడుతుంటే, ఆ మెషీన్ మీ షాపుకు సరిపోదు.