రష్యా రైతుకు భూమి: 1861 సంస్కరణ, 1917 శాసనం

1861లో జార్ (రష్యా చక్రవర్తి) రెండో అలెగ్జాండర్ పైనుంచి సంస్కరణ తెచ్చాడు. 1917లో విప్లవంతో అధికారానికి వచ్చిన కమ్యూనిస్టులైన బోల్షెవిక్‌లు, అప్పటికే భూస్వాముల పొలాలను ఆక్రమిస్తున్న రైతుల డిమాండును శాసనంగా మార్చారు. ఈ రెండిట్లో రైతుకు ఏది న్యాయం?

1861 చట్టం రెండు కోట్లకు పైగా అర్ధబానిసలకు (భూస్వామికి కట్టుబడి బతికే రైతులకు) విముక్తి ఇచ్చింది. మనిషిని అమ్మే హక్కు, పెళ్లికి యజమాని అనుమతి రద్దయ్యాయి. ఇది చిన్న మార్పు కాదు. కానీ భూమికి వెల కట్టారు! భూస్వామికి ప్రభుత్వం ముందే చెల్లించి, రైతు దగ్గర వడ్డీతో 49 ఏళ్ల వాయిదాలు పెట్టింది. బాకీకి ఊరంతా ఉమ్మడి పూచీ. ఊరు వదలాలన్నా గ్రామసంఘం ఒప్పుకోవాలి. తాతల నాటి నుంచి దున్నిన చెక్కల్లో కొన్ని భూస్వామికే పోయాయి. 1905 తిరుగుబాట్లు వచ్చాక గానీ ఆ వాయిదాల రద్దుకు ప్రభుత్వం ఒప్పుకోలేదు.

1917 శాసనం పరిహారం లేకుండానే భూస్వామ్యాన్ని రద్దు చేసింది. న్యాయం దృష్టితో చూస్తే నా మొగ్గు దీనివైపే. చెమటోడ్చిన నేలకు రైతు మళ్లీ వెల చెల్లించడమేమిటి?

అయితే ఆ భూమి రైతు చేతిలో నిలవలేదు. అంతర్యుద్ధంలో ధాన్యం బలవంతంగా సేకరించారు. 1929 చివరి నుంచి రైతుల్ని సమష్టి క్షేత్రాల్లోకి, అంటే భూమిని కలిపి ఉమ్మడిగా సాగుచేసే పొలాల్లోకి నెట్టారు. 1932లో దేశీయ పాస్‌పోర్టులు (దేశంలోపలే నగరాల్లో నివసించడానికి కావలసిన గుర్తింపు పత్రాలు) పెట్టినప్పుడు ఆ క్షేత్రాల రైతుల్లో అత్యధికులకు అవి ఇవ్వలేదు. అందరికీ ఇవ్వాలన్న నిర్ణయం 1974లో వచ్చింది.