కొలోసియం ముందు ఆపేసిన బ్యాగు

అత్తయ్య షుగర్ మాత్రలున్న బ్యాగు ఒక దుకాణంలో, ఆ దుకాణానికి తాళం, మేం ముగ్గురం బయట రోడ్డు మీద. రోమ్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. విదేశాలకు వెళ్లేవాళ్లు టికెట్లు, హోటళ్ల గురించి నెలల తరబడి వెతుకుతారు కానీ, రోజంతా వీపు మీద మోసే బ్యాగు గురించి ఎవరూ ఆలోచించరు. మేమూ ఆలోచించలేదు. అందుకే రాస్తున్నాను.

2024 అక్టోబరులో నేను, మా ఆయన, అత్తయ్య వెళ్లాం. రోమ్‌లో ఐదు రోజులు, ఫ్లారెన్స్‌లో మూడు. వీసా, విమానం, బస అన్నీ బాగానే కుదిరాయి. అప్పుడు యూరో సుమారు 91 రూపాయలు.

ముగ్గురి సామాను ఒకే బ్యాగులో సర్దితే ఒక్కరే మోయొచ్చన్నది మా ఆయన ఆలోచన. దానికోసం బయల్దేరే ముందు 45 లీటర్ల బ్యాగు కొన్నారు. రెండు లీటరు నీళ్ల సీసాలు, మూడు రెయిన్ కోట్లు, పులిహోర డబ్బా, జంతికలు, అత్తయ్య శాలువా, పవర్ బ్యాంకు, మందుల పెట్టె అన్నీ అందులోనే. పాస్‌పోర్టులు మాత్రం ఆయన నడుముకు కట్టుకున్న పౌచ్‌లో ఉన్నాయి. పాత రోమన్ల కాలంనాటి పోటీల మైదానం కొలోసియం చూడ్డానికి వెళ్లిన ఆ రోజు మేం చేసిన మంచి పని అదొక్కటే. ఎందుకంటే కొలోసియం టికెట్ల మీద మన పేర్లుంటాయి, గేటు దగ్గర గుర్తింపు చూపించమంటారు.

టికెట్టు మనిషికి 18 యూరోలు. మా టైము పదిన్నర. పది గంటలకే మెట్రో దిగి లైన్లో నిలబడ్డాం. సెక్యూరిటీ దగ్గర కుర్రాడు మా బ్యాగు వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. చిన్న, మధ్యరకం బ్యాగులైతే తనిఖీ చేసి పంపిస్తారట, ఇంత పెద్దది కుదరదట. పోనీ ఎక్కడ పెట్టుకోవాలి అంటే, ఇక్కడ సామాను దాచే గది లేదన్నాడు. నిజమే, కొలోసియంలో క్లోక్‌రూం లేదు. వాళ్ల నిబంధనల్లో ఆ మాట రాసే ఉంది. మేం టికెట్టు కొన్నామే గానీ ఆ పేజీ చదవలేదు. అతను మర్యాదగానే చెప్పాడు, అతని మీద నాకేం కోపం లేదు.

కోపమంతా ఆ తర్వాత దొరికిన దుకాణం మీద. అవతలి వీధిలో బ్యాగులు దాచిపెట్టే చిన్న కొట్టు కనిపించింది. నాలుగు గంటలకు 8 యూరోలు, అంటే మన డబ్బుల్లో 730 దాకా. పదీ పదికి బ్యాగు ఇచ్చి, చీటీ తీసుకుని పరుగెత్తాం. ఆ కంగారులో మందుల పెట్టె బయటికి తీయాలన్న ఆలోచన ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

లోపల దాదాపు 1,950 ఏళ్ల నాటి రాళ్లు, కింద జంతువుల్ని ఉంచిన గదులు, అన్నీ చూశాం. అత్తయ్య ఓపిగ్గా మెట్లెక్కారు. పన్నెండు దాటాక "అమ్మాయ్, మాత్ర వేసుకుని తినేద్దాం" అన్నారు. అన్నానికి ముందు వేసుకోవాల్సిన మాత్ర అది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, పెట్టె బ్యాగులో ఉందని.

ఒంటిగంట పదికి కొట్టు దగ్గరికి వెళ్తే షట్టరు దించి ఉంది. దాని మీద చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది, మూడింటికి తెరుస్తామని. పొద్దున షట్టరు పైకి చుట్టి ఉంది కాబట్టి ఆ కాగితం చుట్టలోకి పోయి మాకు కనపడలేదు. చీటీ మీద ఫోన్ నంబరు ఉంది, ఎంతసేపు మోగినా ఎవరూ తీయలేదు. పక్కనే కత్తెరతో ముక్కలు కోసి, తూకం వేసి పిజ్జా అమ్మే కొట్టు ఉంది. వేడివేడి వాసన వస్తోంది. అత్తయ్య మాత్ర లేకుండా ముద్ద ముట్టరు. ఆవిడ తినకపోతే మేమెలా తింటాం? మా ఆయన షట్టరు ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. రెండున్నరకు అత్తయ్య చేతులు సన్నగా వణకడం చూసి, పిజ్జా కొట్టువాడిని అడిగి ఒక నారింజ రసం తెచ్చి బలవంతంగా తాగించాను. అతను కుర్చీ బయటికి తెచ్చి ఆవిడను కూర్చోబెట్టాడు. ఆ కుర్చీ మాత్రం మర్చిపోలేను.

మూడూ పదికి బ్యాగుల కొట్టువాడు వచ్చాడు. తీరిగ్గా షట్టరు లేపి, గడియారం చూసి, నాలుగు గంటలు దాటాయి కాబట్టి ఇంకో 5 యూరోలు కట్టమన్నాడు! ఆ నాలుగు గంటలు నిండింది రెండూ పదికి, అతని కొట్టు మూసి ఉన్నప్పుడు. అది మోసం కాక మరేమిటి? నేను గట్టిగా అడిగాను. గోడ మీది రేట్ల పట్టిక చూపించాడే తప్ప జవాబు లేదు. అత్తయ్య వెనకనుంచి "ఒరేయ్, ఆ డబ్బు వాడి మొహాన కొట్టి బ్యాగు తే" అన్నారు. మా ఆయన కట్టేశారు. మొత్తం 13 యూరోలు, 1,180 రూపాయల పైనే. ఇలాంటి కొట్లో బ్యాగు పెట్టాల్సి వస్తే మధ్యాహ్నం తెరిచే ఉంటారా, ఎన్నింటికి మూస్తారు అని ముందు అడిగి, ఆ జవాబు చీటీ మీదే రాయించుకోండి. మందులూ పాస్‌పోర్టులూ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

అదే టికెట్టుతో చూసే పాత రోమన్ శిథిలాల చోటు, ఫోరం, ఆ రోజు వదిలేసుకున్నాం. టికెట్టు 24 గంటలు చెల్లుతుంది కాబట్టి మర్నాడు పొద్దున్నే వెళ్లి చూశాం. ఇక పెద్ద బ్యాగును మా బస గదిలోనే వదిలేశాం. బస పక్క వీధిలో 15 యూరోలకు స్కూలు పిల్లల బ్యాగంత చిన్నది కొన్నాం. మోసిన రెండు లీటర్ల నీళ్లు కూడా అనవసరమని ఆ రోజే తెలిసింది. రోమ్ వీధుల్లో అడుగడుగునా ఇనుప కొళాయిలుంటాయి, నాసోనే అంటారు. చల్లటి మంచినీళ్లు, పైసా అక్కర్లేదు. కింద మూతికి వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న బెజ్జంలోంచి నీళ్లు చిమ్ముతాయి, నోరు పెట్టి తాగొచ్చు. అది అత్తయ్యకు ఎంత నచ్చిందంటే, కనిపించిన ప్రతి కొళాయి దగ్గరా ఆగారు. అర లీటరు సీసా ఒకటి చాలు.

వాటికన్ మ్యూజియాల్లో 40 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 15 మందం దాటిన బ్యాగు లోపలికి పోనివ్వరు. క్లోక్‌రూం ఉచితమే. మా కొత్త బ్యాగు ఆ కొలతల్లోపే ఉంది, లోపలికి పోనిచ్చారు. మా ముందు ఒక తమిళ కుటుంబం గైడుతో వచ్చి పెద్ద బ్యాగు అక్కడ ఇచ్చింది. గైడుతో వచ్చిన గుంపుల్ని అప్పట్లో మ్యూజియం లోపలి ప్రార్థన మందిరం సిస్టీన్ చాపెల్ నుంచి నేరుగా సెయింట్ పీటర్స్ బసిలికా అనే పెద్ద చర్చి వైపు పంపేవారు. వీళ్లు మాత్రం బ్యాగు కోసం మళ్లీ మ్యూజియం గుమ్మానికే వచ్చి, గోడ చుట్టూ నడిచి బసిలికా లైన్లో నిలబడాల్సొచ్చింది. "అలిపిరిలో సంచి ఇస్తే కొండమీద మన చేతికి ఇస్తారు, వీళ్లకు ఆ మాత్రం తెలీదా" అని అత్తయ్య వాళ్ల తరఫున బాధపడ్డారు. ఒక్కొక్కరికి ఆన్‌లైన్ బుకింగుతో కలిపి 25 యూరోలు తీసుకున్నప్పుడు ఆ పని చేయొచ్చని నేనూ అంటాను.

రోమ్‌లోనే శిల్పాలు, చిత్రాలు ఉండే బోర్ఘేసే గ్యాలరీలో ఇంకా కట్టుదిట్టం. మా చిన్న బ్యాగు కూడా ఇచ్చేయాలన్నారు. ఉచితమే, కానీ నా గుండె గుభేలుమంది, మళ్లీ మాత్రలు! కౌంటరులో ఉన్న పెద్దావిడకు మా ఇంగ్లీషు అర్థం కాలేదు. అత్తయ్య మందుల పెట్టె తెరిచి, మాత్రల పట్టీ ఒకటి తీసి, నోటి వైపు చెయ్యి చూపించారు. ఆవిడ వెంటనే నవ్వి తీసుకొమ్మని సైగ చేసింది. చీరకు జేబు లేదు కదా. అత్తయ్య పట్టీని కొంగు చివర పెట్టి ముడివేసి, ఆ ముడి నడుములో దోపుకున్నారు. కౌంటరులో ఆవిడ పక్కామెను పిలిచి మరీ ఆ ముడి చూపించింది.

లోపల రెండు గంటలే ఉండనిస్తారు. అందులో అరగంట అత్తయ్య బెర్నీని అనే శిల్పి చెక్కిన అపోలో, డాఫ్నే విగ్రహం దగ్గరే గడిపారు. అపోలో దేవుడు పట్టుకోబోతే డాఫ్నే అనే ఆ అమ్మాయి వేళ్లు ఆకులైపోతుంటాయి. పాలరాయి అంత పల్చగా ఎలా చెక్కారో, వెనక్కి వెళ్లి, పక్కకు వెళ్లి చూస్తూనే ఉన్నారు. భుజాన బరువు లేకుండా, చేతులు ఊపుకుంటూ తిరిగారు.

ఫ్లారెన్స్‌లో మా ఆయన అక్కడి పెద్ద చర్చి డ్యూమో గోపురం ఎక్కారు. 463 మెట్లు, లిఫ్టు లేదు, ఎక్కడానికి తీసుకున్న పాస్ 30 యూరోలు. అక్కడా బ్యాగుతో ఎక్కనివ్వరు, చౌకు పక్కనే ఉచితంగా దాచే గది ఉంది. మెట్ల దారి రెండు గోడల మధ్య ఎంత ఇరుకంటే, దిగేవాళ్లు ఎదురైతే ఒకరు గోడకు అంటుకుని ఆగాల్సిందేనట. బ్యాగు ఎందుకు వద్దంటారో అప్పుడు అర్థమైందన్నారు ఆయన. ఈసారి బ్యాగు ఇచ్చే ముందు ఆ గది మూసే టైము ఆయనే రెండుసార్లు అడిగి వచ్చారు. అత్తయ్యా నేనూ కింద మెట్ల మీద కూర్చున్నాం. పన్నెండున్నరకు ఆవిడ కొంగు ముడి విప్పి మాత్ర వేసుకున్నారు. జంతికల పొట్లం విప్పి నా చేతిలో రెండు పెట్టి, "వాడికి కూడా ఉంచు" అన్నారు.