140 రోజుల లెక్క సిరిమాను పండక్కి సున్నా అయింది

రోజువారీ అలవాట్లకి ఫోన్‌లో టిక్ పెట్టుకోవడం 2023 జూన్‌లో బడులు తెరిచిన రోజు మొదలుపెట్టాను. బీపీ మాత్ర, అయ్యకోనేరు గట్టు మీద నడక, 20 నిమిషాలు వయొలిన్, ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసుకోవడం... మొత్తం 11 అలవాట్లు. మొదట వాడిన యాప్ పేరు వద్దులెండి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. తప్పకుండా ఎన్ని రోజులు చేశామో పక్కనే అంకె చూపించేది. అది పెరుగుతుంటే తెగ మురిసిపోయేవాణ్ణి. రాత్రి 11:50కి గుర్తొస్తే పెట్టెలోంచి వయొలిన్ తీసి, సరళీ వరసల్లో ఒకటి గబగబా లాగించి టిక్ పెట్టేవాణ్ణి. "ఏట్రా, అద్దరాత్రి ఈ గీకుడు?" అని పక్క గదిలోంచి అమ్మ. సాధన అంటే అది కాదని నాకూ తెలుసు.

అక్టోబరు 29కి 140 అయ్యింది. మర్నాడు మా ఊరి దేవత పైడితల్లమ్మ పండగలో తొలేళ్లు, ఆ మర్నాడు సిరిమాను ఊరేగింపు. విజయనగరంలో ఇల్లున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బొబ్బిలి, రాజాం, పాలకొండ నుంచి చుట్టాలు, హాలంతా చాపలు, ఉన్న రెండు ఛార్జర్లకి వరస. వయొలిన్ పెట్టె మీద ఎవరివో చీరల సంచులు. బుధవారం పొద్దున్న ఫోన్ తెరిస్తే అన్నిటి పక్కనా సున్నా. మాత్ర రెండు రోజులూ వేసుకున్నాను, టిక్ పెట్టలేదంతే. వెనక్కి వెళ్లి దిద్దుకోవాలంటే డబ్బు కట్టాలట! ఆ కోపంతో రెండు వారాలు వయొలినే ముట్టలేదు.

లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనం గురించి తర్వాత చదివాను. అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టిందట, ఒకరికి 18 అయితే ఇంకొకరికి 254 పట్టొచ్చు. మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ లేదని కూడా అందులోనే ఉంది. మరి ఆ సున్నా ఎందుకు వేసినట్టు?

అప్పటినుంచీ లూప్ హ్యాబిట్ ట్రాకర్ అనే యాప్ వాడుతున్నాను. ఉచితం, ప్రకటనలు లేవు. అలవాట్లన్నీ ఒకే తెరమీద వరసలుగా కనిపిస్తాయి, నిన్నటి గడిని వేలితో నొక్కి పట్టుకుంటే టిక్ పడుతుంది. నాకు నచ్చింది అది చూపించే శాతం, అంటే అలవాటు ఎంత గట్టిపడిందో. ఒక రోజు తప్పితే సున్నా కాదు, కాస్త తగ్గుతుందంతే. రోజూ చేసే పనైతే నెలకి 80, రెండు నెలలకి 96 దాకా వెళ్తుంది. 2024 పండక్కి మళ్లీ రెండు రోజులు వయొలిన్ ఎగ్గొట్టాను. 96 కాస్తా 86 అయ్యింది. వారం తిరిగేసరికి 90 దాటింది. టెన్షన్ లేదు, అర్ధరాత్రి గీకుడూ లేదు.

కాకపోతే ఈ మెత్తదనం అన్నిటికీ పనికిరాదు. "పోనీలే, ఐదు శాతమేగా" అనుకుంటూ వానాకాలంలో నడక సగానికి సగం మానేశాను. మాత్ర విషయంలోనూ అదే ధోరణి మొదలవుతుంటే భయమేసి, ఆ వరస తీసేసి మందుల షాపులో వారం గళ్ల డబ్బా కొనుక్కున్నాను. 11 వరసలు ఇప్పుడు ఆరే. అన్నిటికీ టిక్కులు పెట్టడమే పన్నెండో అలవాటైపోయింది మరి.

నాది బడి ఉద్యోగం, ఏ రోజైనా వేళలు ఇంచుమించు ఒకటే, కాబట్టి నాకు సరిపోయింది. షిఫ్టుల వాళ్లకి ఎలా ఉంటుందో మరి. మా అమ్మాయిది ఐఫోన్, లూప్ ఆండ్రాయిడ్‌కే. తను గోడ క్యాలెండర్ మీద స్కెచ్‌పెన్నుతో గీస్తోంది, ఇప్పటికి నాలుగు నెలలైంది.